మూతవడ్డ మిల్లు భోంగా

"తాతా, కష్టాలు పడ్డోళ్ల మనసు గట్టిపడ్తదంటరు. నిజమేనా?"

గట్టిపడుడా? మెట్టుగూడల ఎవర్నన్న అడుగు, "నర్సింగం మస్తు గట్టోడు" అంటరు. బల్లి కనవడితె మంచమెక్కుత, గది వేరే ముచ్చట. జెర కూసో. బూట్లేస్కునుడు ఆపి ఇను, ఆఫీసు యాడికీ పోదు.

గప్పుడు నేను మిల్లుల చేస్తుంటి. పొద్దుగాల సైరన్ కొట్టేది, మేం భోంగా అంటుంటిమి. గది కొడితెనే బస్తీ లేస్తుండె. మోండా మార్కెట్ల చారాణకు సంచెడు వంకాయలు... కాదు కాదు, ఎనిమిదణాలకు. మీ నాయనమ్మ ఉంటె సరిజేసేది.

ఇగ ఒకనాడు మిల్లుకు తాళమేసిన్రు. ఇంట్ల చెప్పలె. ఇంకో పని దొరికినంక చెప్దమనుకున్న. రోజూ మీ నాయనమ్మ టిఫిన్ డబ్బా చేతికిచ్చేది, నేను పోయి సికింద్రాబాద్ స్టేషన్ల బెంచీ మీద కూసుంటుంటి, రైలు కోసం చూస్తున్నోని లెక్క. ఈయన రైలు ఎన్నడూ రాదేందని కూలోళ్లు సుత పరేషాన్ అయిన్రు.

ఒకనాడు డబ్బా తేలికగ ఉంది. మూత తీస్తె ఏం లేదు. మర్చిపోయిందేమో అనుకున్న. సాయంత్రం ఇంటికి పోతె "తిన్నవా?" అన్నది. నా నోట్లకెళ్లి "తిన్న" అని వచ్చింది. ఆమె గా ఖాళీ డబ్బాను బూడిద పెట్టి తోమింది, ఇంటున్నవా? తెల్లారి మళ్ల ఖాళీదే ఇచ్చింది. మళ్ల "తిన్నవా", మళ్ల "తిన్న". ఇంట్ల బియ్యం ఒడిసినయని నాకు తెల్సింది, మిల్లు మూతవడ్డదని ఆమెకు తెల్సింది. బస్తీ చూస్తదని ఆమె డబ్బా ఇస్తది, నేను పట్టుకపోత. ఇద్దరం గట్టోళ్లమే మరి.

గా దినాలల్లనే ఒక పొద్దుగాల భుజం తట్టి, "లేవు, భోంగా కొట్టింది" అన్నది. లేచి మొఖం కడుక్కుంటుంటె గుర్తొచ్చింది, మిల్లుకు తాళముంది, కొట్టేటోడే లేడని. కానీ అబద్ధం చెప్ప బిడ్డా, నేను సుత ఇన్న. ఇన్న గనకనే లేచిన.

గప్పటిసంది రోజూ ఇనవడ్డ గా భోంగా, ఇంకో కాడ పని దొరికినంక ఆగింది. గా ముచ్చట మేం ఎన్నడూ మాట్లాడుకోలె. ఆఖరికి దవఖానల పండుకొని సుత "తిన్నవా?" అనే అడిగింది. "తిన్న" అన్న. తినలె.

ఇప్పుడు మళ్ల షురూ అయింది. చెవుల డాక్టర్‌కు చూపిచ్చుకుంటె, "నీకు సగమే ఇనవడ్తది పెద్దాయనా" అన్నడు. గా సగంల గిదే ఇనవడ్తుంది. నువ్వు బ్యాగు భుజానికేస్కున్నప్పుడే కొడ్తుంది. నిన్న నీ బ్యాగు జరపబోతె పువ్వు లెక్క లేచొచ్చింది. అండ్ల కంప్యూటర్ లేదు. కొలువు తీసేస్తె గది వాపస్ తీస్కుంటరంట గద.

తల దించుకోకు. నేను ఎవ్వరికీ చెప్పలె. కానీ ఇయ్యాల మీ అమ్మ చాయ్ తెచ్చిచ్చి, "మామా, ఈ మధ్యల పొద్దుగాల సైరన్ కొడ్తుంది, యాడ?" అని అడిగింది. ఆమె ఈ ఇంటికి కోడలై వచ్చేటాల్లకు మిల్లు గోడ సుత లేకుండెరా.

బూట్లు ఇప్పు. వంటింట్ల మీ అమ్మ నీకు డబ్బా కడ్తుంది, అది చేతిల వడక ముందే ఆమెకు చెప్పు. ఏడిస్తె ఏడువనియ్యి, నువ్వు సుత ఏడువు. ఈ ఇంటికి గట్టోళ్లం మేమిద్దరం చాలు. సల్లగుండు బిడ్డా, పో...

అగో. గది కుక్కర్ సీటీయేనా?