ఈశ్వరప్ప సారు ఫెయిలైన పొద్దు

ఏమప్పా మురళీ, మన కాలేజీలో టైలరింగు అయ్యోరుగా చేరినావంటనే, మీ అమ్మ నిన్న కుళాయి కాడ చెప్పె. మంచిదప్పా. కూర్చో, ఆ మంచం మీద బట్టలు రొంత పక్కకు జరుపు. ఏమంటివి? ఈశ్వరప్ప సారా? ఆయప్ప పేరు నీకెవురు చెప్పిరి? చనిపోయి పదేండ్లు దాటె. ఆయప్ప నీ కంటే ముందు ఆ కుర్చీలో కూర్చున్నోడే. ఊరు ధర్మవరం. పొద్దున ప్యాసింజరు రైల్లో పెనుకొండకు దిగేది, మళ్లా సాయంత్రం రైలుకే పోయేది. మనిషి పొట్టి, మాట మాత్రం గట్టి. మొగోడు ఆడోళ్లకు కుట్టుపని నేర్పేదేందని మా అత్త మూతి తిప్పె. ఆ, మా అత్త దేనికి తిప్పలేదు మూతి! నేను గడప దాటితే తిప్పేది, దాటకుంటే తిప్పేది. ఆయమ్మ సంగతి పెడితే తెల్లారతాది గానీ, సారు సంగతి చెప్తా విను.

ఆ యేడు చెనిక్కాయ పంట పూర్తిగా పాయె. ఊడలు దిగే యాలకు వాన మొగం చాటేసె. తలుపుల అనే ఊర్లో ఉండే మా మరిది వాళ్లు సామాను కట్టుకోని బెంగుళూరికి బిల్డింగు పనికి పోయిరి. మాయాయన నారాయణ గూడా, 'మనమూ పోదాం పదమ్మే, ఈడ ఏముండాదని' అంటా రోజూ ఒకటే పాట. పోతే మా నాగమణి బడి మానల్ల. అది నాలుగో తరగతి, లెక్కల్లో ఫస్టు. నాకు అన్నం సయించలే. అప్పుడే కాలేజీ వాళ్లు ఆటోలో మైకు పెట్టి చెప్తా వచ్చిరి, హిందూపురం కాడ గార్మెంట్సు కంపెనీ వస్తాండాది, ఆడోళ్లు కావల్లంట, మూడు నెల్లు నేర్పి మేమే పిల్చకపోయి పరీక్ష పెట్టిస్తాం అని. మాయాయన, 'సరే, మూడు నెల్లు చూస్తా. ఉద్యోగం రాకుంటే బెంగుళూరే' అనె. ఇంగ ఎనకా ముందూ చూడకుండా చేరిపోతి.

మూడు నెల్లు కాలుమిషన్ల మీద నేర్చుకుంటిమి. నీకు తెలుసు కదా, కాలుమిషనంటే పాదం ముందుకూ వెనక్కూ ఊపుతానే ఉండల్ల. కంపెనీలో ఉండేది కరెంటు మిషను. ముందుపాదంతో అట్ల తాకితే చాలు, గుర్రుమని పోతాది. ఆ సంగతి మాకెవురు చెప్పల్ల? పరీక్ష నాడు కంపెనీలో పన్నెండు మందిమి కూర్చుంటిమి, పన్నెండు మందిమీ అలవాటుగా కాలు ఊపితిమి! అమ్మో, ఆ మిషన్లకు పిచ్చెక్కినట్లాయె. గుడ్డ ముద్దముద్దయి లోపలికి పోయె. మాలో కదిరమ్మకు సూది గోట్లో దిగె. నేను కుట్టిన పట్టీ చూసి నాకే సిగ్గాయె. ఆడ మేనేజరు ఉమాశంకరని, కన్నడమాయప్ప. 'ఏన్ సార్ ఇదు? మూడు నెల్లు ఏం నేర్పించినారు? పిల్చకపోండి వీళ్లను' అనె. నా కండ్ల ముందర బెంగుళూరు బస్సే కనపడె. ఈశ్వరప్ప సారు మా మీద అరుస్తాడనుకుంటిమి. వేరే అయ్యోరయితే ఏమనేటోడు? ఈ పల్లెటూరోళ్లకు ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు సార్, అనేటోడు. ఈయప్ప ఏమనె తెల్సా? 'తప్పు వీళ్లది కాదు సార్, నాది. ఈ మిషను మీద నేను గూడా ఎప్పుడూ కూర్చోలే. నాకూ పెట్టండి పరీక్ష' అని నా స్టూలు మీద కూర్చునె. ఇరవై ఏండ్ల నుంచి కుడతాండే మనిషప్పా. ఆయప్ప గూడా కాలు ఊపె! గుడ్డ ముద్దాయె, దారం పుటుక్కుమనె. ఆ ముద్దను చేత్తో ఎత్తి అందరికీ చూపించి, 'నేనూ ఫెయిలే. పదమూడు మందికి పది దినాలు టైమియ్యండి' అనె. ఆ మేనేజరు నవ్వి నవ్వి, సరే, షిఫ్టయినాక ఆ మూల మిషను మీద మీరు నేర్చుకోండి అనె.

ఇంగ సారు సాయంత్రం మా క్లాసు కాంగానే ఇంటికి పోయే రైలు వదిలేసి హిందూపురం బస్సెక్కేది. ఆడ నేర్చుకునింది మర్సరోజు పొద్దున మాకు చెప్పేది. కాలేజీలో కరెంటు మిషను ఒక్కటీ లేదే, ఎట్ల చెప్పేది? మమ్మల్ని బెంచీల మీద కూర్చోబెట్టి, పాదాల కింద పలకలు పెట్టి, పలక ముందుపక్క కింద ఒక్కో చెనిక్కాయ పెట్టె. 'అదమండి. పలక కదలల్ల, కాయ పగలగూడదు. నేను చెప్పినప్పుడే పగలల్ల' అనె. మొదటి దినం అన్నీ పటపటా పగిలె. మేం గింజలు ఏరుకోని తింటాంటే, 'తినండమ్మా, ఈ కాలేజీలో టిఫిను ఫ్రీ' అనె. ఇంట్లో రాగిసంగటి గెలికేటప్పుడు గూడా నా కాలు అదుముతానే ఉండేది. పదో దినం కంపెనీలో లిస్టు చదివిరి, మొదటి పేరు ఈశ్వరప్ప! ఆయప్ప కూర్చోని పట్టీ గీత గీసినట్ల కుట్టె. నేనూ పాసైతి. పదకొండు మందిమి పాసైతిమి, కదిరమ్మ ఇంకో నెలకు పాసాయె. మాయాయన బెంగుళూరు మాట మళ్లా ఎత్తలే. మా నాగమణి ఈ పొద్దు పుట్టపర్తిలో నర్సుగా ఉండాదంటే ఆయప్ప చలవే. ఏ పొద్దు అన్నం కలుపుకున్నా తల్చుకుంటా.

తర్వాత తర్వాత ఆ కంపెనీలో పరీక్ష పెట్టే కుర్చీ నాకే ఇచ్చిరి. సారు కొత్త పిల్లోళ్లను పిల్చకొచ్చి, 'మేడం' అనేది నన్ను! సిగ్గుతో చచ్చేదాన్ని. వొద్దు సార్ అంటే, 'నువ్వు కంపెనీ పక్క ఉండావు చౌడక్కా, నేను పిల్లోళ్ల పక్క ఉండా. ఊరికే పాస్ చేస్తే రేపు నీ మాటా చెల్లదు, నా మాటా చెల్లదు' అనేది. ఒక చీటీ ఇచ్చేది, ఏ పాపకు ఏది సరిగా రాదో అన్నీ రాసి. ఎవురన్నా వాళ్ల పిల్లోళ్ల లోపం వాళ్లే రాసిస్తారా? పరీక్ష అయిందాకా గేటు కాడ నిలబడి, నేను బయటికి రాంగానే ఒకటే మాట, 'ఎంతమంది?' లెక్క చెప్తే తల ఊపి పోయేది. ఆఖరు సారి ఏడుగురు పిల్లోళ్లు వాళ్లంతకు వాళ్లే వచ్చిరి. చీటీ ఉండాది, సారు చేతిరాతే. సారు యాడమ్మా అంటే ఒక పాప చెప్పె. మొన్న మంగళారం గుండె ఆగిపోయిందంట. ఐనా పరీక్ష మాన్పియ్యలే, చీటీ ముందర పెట్టుకోని ఒక్కో పాపనూ ఆ లోపం కాడే పట్టి పట్టి చూస్తి. ఏడుగురూ పాసైరప్పా. ఒక్కరికీ ఊరికే ఇయ్యలే. లేచి గేటు కాడికి పోతి. ఆడెవురుండారు? 'ఏడుగురు, సార్' అంటి. వాచ్‌మన్ నన్ను ఎగాదిగా చూసె.