ఒక రోజు బాకీ

ఏంటక్కా, మనిషొచ్చి గుమ్మంలో నిలబడితే కూర్చోమని కూడా అనవా? సర్లే, నేనే కూర్చుంటా. ఆ గోనెసంచి కాస్త పక్కకి జరుపు. అబ్బో, ఇన్ని చిరుగులా! ఆ దబ్బనం ఇటివ్వు, నేనూ రెండు కుడతా. ఇవ్వవా? ఇవ్వకు. నీ పంతం నీకే ఉండనీ.

పడమటివైపు ఆ మబ్బు చూశావా? పొద్దున చిన్న మరకలా ఉంది. ఇప్పుడు చూడు, సగం ఆకాశం మింగేసింది. నా వేరుశెనగ మొత్తం ఇంకా నేలలోనే ఉందక్కా. ఎకరన్నర. కాయ ముదిరి కూర్చుంది. రెండు రోజుల్లో పీకకుండా ఒక్క వాన పడిందా, భూమిలోనే మొలకలొచ్చేస్తాయి. అయినా నీకు నేను చెప్పాలా? నాకు కాయ పీకడం నేర్పిందే నువ్వు.

పీకడానికి సాయం రమ్మని ఊరంతా తిరిగొచ్చా. పొడుగు పిన్ని ఏమందో తెలుసా? "డబ్బులిచ్చేశావుగా, నీకూ మాకూ చెల్లు" అంది. చెల్లంట! ఇరవై ఏళ్ళు ఒకరి చేలో ఒకరం వంగి నడుములు పోగొట్టుకున్నాం, ఇప్పుడు చెల్లంట! కుట్టుమిషనామె అయితే తలుపు సగమే తీసింది. "మా పనే మాకు తెమలట్లేదు" అని మొహమ్మీదే వేసేసింది.

పోనీ కూలికి పిలుద్దామా అంటే, ఈ వారం ఎవరి చేను వాళ్ళకి ముదిరింది. రెట్టింపు ఇస్తానన్నా మనిషి దొరకడు. ఆ మాటకొస్తే రెట్టింపు ఇవ్వడానికి నా దగ్గర మాత్రం ఏముంది? ఆ వచ్చిన డబ్బంతా విత్తనాలకీ, ఇంటిపైకి రేకులకీ, మా ఆయన కట్టుడు పళ్ళకీ. అయిపోయింది.

అసలు నేను చేసిన తప్పేంటో చెప్పు. మనిషికి కూలి ఇవ్వడం తప్పా?

ఆ సాయం డబ్బు పడ్డ రోజు గుర్తుందిగా. ఫోను టింగుమంటే చదివిపెట్టమని నీ దగ్గరికే పరిగెత్తుకొచ్చా. చిన్న రైతులకట, దేనికి ఖర్చు పెట్టుకున్నా అడిగేవాళ్ళు లేరట. నువ్వు రెండుసార్లు చదివావు. "నీ పేరే ఉందే" అన్నావు. నీకు రాలేదు. ఎలా వస్తుంది? నీది కౌలు చేను, కాగితం మీద పేరు ఇంకొకళ్ళది. చెమటోడ్చేది నువ్వు, డబ్బు పడేది వాళ్ళకి. ఏం న్యాయం అది! నువ్వు మాత్రం "ముందు విత్తనాలు కొనుక్కో" అన్నావంతే.

ఒట్టు, నా కడుపు తరుక్కుపోయిందక్కా. అందుకే కదా ఇచ్చింది! నా చేలో కలుపుకి నువ్వూ, పిన్నీ, కుట్టుమిషనామె ఎప్పట్లాగే వచ్చారు. నా చేలో మీరొక రోజు, మీ చేలో నేనొక రోజు, అదే కదా మన పద్ధతి. సాయంత్రం బోరింగు దగ్గర కాళ్ళు కడుక్కుంటుంటే నేనేం చేశా? కొంగుముడి విప్పి నీ చేతిలో నోటు పెట్టా. "ఉంచుకో అక్కా, నీకు రాలేదుగా" అన్నా. అందరి ముందూ. నీ ఒక్కదానికే ఇస్తే బాగోదని వాళ్ళిద్దరికీ తలా ఒకటి ఇచ్చా.

నీ చెయ్యి తడిగా ఉంది. నోటు అంటుకుపోయింది. దాన్ని చూశావు, నన్ను చూశావు, మడిచి జాకెట్లో పెట్టుకున్నావు. నాకేమో ఏదో ఘనకార్యం చేసినట్టు ఒకటే సంబరం. ఇంటికెళ్ళి మా ఆయనకి చెబితే, "సాయానికొచ్చిన మనిషిని కూలిదాన్ని చేశావు కదే" అన్నాడు. నేను వింటేనా! "నీకు పళ్ళు కట్టించింది ఆ డబ్బే, నోరు మూసుకో" అన్నా. పాపం, కొత్త పళ్ళు కదా, నిజంగానే మూసుకున్నాడు.

నవ్వు వస్తే నవ్వక్కా, ఎందుకు ఆపుకుంటావు?

దాచడమెందుకు, అప్పుడు నా కళ్ళు కొంచెం నెత్తికెక్కాయి. బుద్ధెరిగాక నాది ఎప్పుడైనా ఇచ్చే చెయ్యా? వానొచ్చిన వారమంతా తిండిగింజల కోసం వాళ్ళ చేలల్లోనూ వీళ్ళ చేలల్లోనూ కూలికి పోవడం, నేల పదును ఆరిపోయాక నా చేలో విత్తడం. ఏటా ఇంతే కదా! ఈ ఏడే మొదటిసారి, తొలి వానకి నా చేలో నేను విత్తాను. అందుకే చూడు, చెట్టుకి గుప్పెడు కాయలు. ఇలాంటి పంట నేను పుట్టాక చూళ్ళేదు. అది నేలలోనే మొలకెత్తిపోతే నా ప్రాణం ఉంటుందా?

తిట్టు. తిడితే పడతా. నువ్వలా దారం లాగుతుంటే నా ప్రాణం పీకుతున్నట్టుంది.

ఏంటిది? ఏంటక్కా ఇది?

ఆ నోట్లేనా? ఆ రోజు బోరింగు దగ్గర ఇచ్చినదీ, తర్వాత పిన్ని చేత పంపినదీ? మడత కూడా విప్పలేదే! వాళ్ళిద్దరూ వారం తిరక్కుండా ఖర్చుపెట్టేసుకున్నారు. నువ్వేంటక్కా...

చూడకు అలా. సరే, చెప్తా.

కూలి ఇచ్చినా నీ చేలో కలుపుకి వస్తానని మాటిచ్చా. రాలేదు. మా ఆయనకి కొత్త పళ్ళు గుచ్చుకుంటున్నాయి, ఆస్పత్రికి తోడు వెళ్తున్నా అని కబురు చేసి, పిన్ని చేత ఇంకో నోటు పంపా. మనిషికి బదులు మనిషిని పెట్టుకుంటావులే అనుకున్నా. నువ్వు ఎవర్నీ పెట్టుకోలేదు.

నేను ఆస్పత్రికి పోలేదక్కా. ఆయనొక్కడే పోయాడు. నేను ఇంట్లోనే తలుపేసుకుని పడుకున్నా.

జ్వరం కాదు, నొప్పి కాదు. ఊరికే. పొద్దున కొడవలి చేతిలోకి తీసుకున్నా కూడా. "ఇవాళ పోకపోతే ఏమవుతుంది, డబ్బుందిగా" అనిపించింది. పెళ్ళైన దగ్గర్నుంచీ నేను పగటిపూట నడుం వాల్చింది కాన్పుల్లోనే. కిటికీలోంచి నీ చేను కనిపిస్తుంటే గోడవైపు తిరిగి పడుకున్నా. మధ్యాహ్నం మంచినీళ్ళకి లేచి చూశా. నేను తియ్యాల్సిన సాళ్ళల్లో నువ్వు వంగి ఉన్నావు, ఎర్రటెండలో, ఒక్కదానివే. చూశా. చూసి, మళ్ళీ వెళ్ళి పడుకున్నా.

అదీ సంగతి.

ఈ నోట్లు నాకొద్దు. నీకూ అక్కర్లేదా? అయితే అక్కడే పడి ఉండనీ. రేపు తెల్లారేసరికి నీ చేలో ఉంటా. నా చేలోకి రమ్మని అడగను. ముందు నీది పీకేద్దాం, నా కాయని వాన ఏం చేసుకుంటుందో చేసుకోనీ.

ఒక్కటి మాత్రం చెప్పనివ్వు. నీతో అబద్ధమాడినందుకు చచ్చేంత సిగ్గుగా ఉంది. పడుకున్నందుకు మాత్రం లేదు. ఎంత బాగుందనుకున్నావు అక్కా ఆ నిద్ర! మూడు నెలలుగా ఎవరికైనా చెప్పుకోవాలని మనసు కొట్టుకుంటోంది. నీకు తప్ప ఎవరికి చెప్పుకోను? నీకే కదా చెప్పకూడనిది.