స్విచ్‌బోర్డుల్లో మనుషులు

హలో… ఆ నాన్నా, నేనే. వినపడుతోందా? …ఆస్పత్రి వరండాలో ఉన్నా, గోలగోలగా ఉంది.

…తమ్ముడు లోపల డాక్టరమ్మ దగ్గరున్నాడు. …లేదు, మాత్రలిచ్చి పంపేయరట. చేర్చుకుంటామంటున్నారు. …మూడు వారాలు. ఎక్కువే పట్టొచ్చు.

…ఆ మాట అనకు. …నాన్నా, పిచ్చాసుపత్రి అనకు, నీకు దణ్ణం పెడతా.

…ఆ, గంజాయి వల్లే. తాగీ తాగీ బుర్ర దెబ్బతిందట. లేని గొంతులు వినపడతాయట. …మానేస్తే అదే పోతుందా? మానేసి తొమ్మిది రోజులైంది. ఇంకా వినపడుతూనే ఉన్నాయి.

…బానే ఉన్నాడా? ఊళ్లో సగం ఇళ్లకి వైరింగు చేసిన ఎలక్ట్రీషియను, మెయిను కూడా ఆపకుండా మనింట్లో స్విచ్‌బోర్డులన్నీ పీకేశాడు. లోపల మనుషులున్నారు, తిడుతున్నారు అని. అది బాగుండటమా?

…అమ్మ జారిపడలేదు. వాడు తోస్తే చెయ్యి విరిగింది. నువ్వక్కడే ఉన్నావు. పక్కింటివాళ్లకి చెప్పిన మాట నాక్కూడా చెప్తావేంటి?

…నాన్నా… సరే, ఏడువు. లైన్లోనే ఉన్నా.

…ఇంట్లో ఉంచుకుని ఎలా చూస్తావు? వాడికి భయపడి లోపల గడియ పెట్టుకుని పడుకుంటున్నది మీరిద్దరే కదా.

…సంతకమా? …నువ్వొచ్చేదాకా ఆగాలా? …నేను పెట్టలేదు నాన్నా. వాడే పెట్టాడు.

…అవును, వాడే! పొద్దున్నే ఫోన్ చేసి, "అక్కా, అమ్మని ఇంకేం చేసేస్తానో అని భయంగా ఉంది, నన్నెక్కడైనా చేర్పించు" అన్నాడు. ఆటోలో దారి పొడుగునా నా చెయ్యి వదల్లేదు.

…ఉండు, బయటికొచ్చాడు. …ఇస్తా. కానీ తిట్టకు. 'ఎందుకిలా చేశావురా' అనకు. ఏమైనా తిన్నావా అని అడుగు, చాలు.

తమ్ముడూ, నాన్న. మాట్లాడు. …నిజంగా నాన్నేరా. నాకూ వినపడుతోంది. ఇదిగో, చెవి దగ్గర పెట్టుకో…

…సిస్టర్, ఒక్క నిమిషం. …వస్తాడండీ, ఒక్క నిమిషం.

…హలో, నాన్నా? నేనే. …విన్నాడు. తలూపాడు. …వార్డులోకి తీసుకెళ్లనివ్వరట, ఫోను, బెల్టు నాకిచ్చేశాడు.

…లేదు, ఎవరూ పట్టుకోలేదు. తనే నడిచి వెళ్లాడు. …ఆ, తనే.

…ఆదివారం రానిస్తారట. అమ్మ వస్తానంటే తీసుకురా. …ఉంటా నాన్నా.