ఖాళీ అనుకున్న ఒక్క నిమిషం

1994 జూలై 11, సోమవారం ఉదయం మా విశ్వవిద్యాలయ చలనచిత్ర శాఖలో ఉపన్యాసకురాలిగా చేరిన ఆచార్యులవారు, ముప్పై ఒక్క సంవత్సరాల అవిచ్ఛిన్న సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. ఈ శుభసందర్భాన నాలుగు మాటలు రాసే భాగ్యం రికార్డింగు గది బాధ్యుడినైన నాకు దక్కింది. నాకంటే బాగా రాయగలవారు శాఖలో చాలామంది ఉన్నారు. అయితే ఆచార్యులవారికి నేను చేసినంత నష్టం చేసినవారు మాత్రం మరొకరు లేరు గనుక, ఆ అర్హతతో ఒప్పుకున్నాను.

వారు చేరేనాటికి శాఖ యావదాస్తి రెండు కెమెరాలు, ఒక కుంటి స్టాండు. తొలి తరగతిలోనే తమ సొంత రికార్డరు బల్లమీద పెట్టి, "ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడొద్దు" అన్నారట. విద్యార్థులందరూ లేచి తలలు వంచి నిలబడ్డారు. టీ తెచ్చిన అటెండరు గుమ్మంలోనే ఆగిపోయి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఎవరు పోయారు మేడమ్?"

"ఎవరూ పోలేదయ్యా. ఈ గది ఎలా వినిపిస్తుందో వింటున్నాం."

మనుషులు మాట్లాడనప్పుడు సైతం ప్రతి గదికీ తనదైన చప్పుడు ఉంటుందనీ, చిత్రీకరణ జరిగిన ప్రతిచోటా దాన్ని ఒక నిమిషం పట్టి ఉంచుకోకపోతే ఎడిటింగులో మాటకీ మాటకీ మధ్య సినిమా గోతిలో పడ్డట్టు వినిపిస్తుందనీ వారి ప్రథమ పాఠం. ‘నిమిషం మేడమ్’ అన్న పేరు ఆనాడే స్థిరపడింది.

2003లో రీడరు, 2009లో ఆచార్యపదవి, అటుపై రెండు దఫాలు శాఖాధిపత్యం వారిని వరించాయి. వీటికి సమాంతరంగా, నిర్మాత అనేవాడి ముఖం చూడకుండా, సెలవురోజుల్లో స్వయంగా కెమెరా మోసుకు తిరిగి నాలుగు చిత్రాలు తీశారు. ఐదవది వారి అత్తగారి కుట్టుకొట్టు గురించి. తొమ్మిదేళ్ల ఆదివారాలు దానికే ధారపోశారు. "అమ్మాయ్, ఆ కెమెరా పక్కనపెట్టి ఈ కాజాలైనా కుట్టకూడదూ?" అన్న ఆ పెద్దావిడ నిష్ఠూరం సినిమాలోనే ఉంది.

చిత్రీకరణ ముగిసింది. కొట్టున్న భవనాన్ని కూల్చేశారు. పెద్దావిడ చూపు మందగిస్తోందనీ, వైద్యం లేదనీ డాక్టరు తేల్చిచెప్పారు. చూపు పూర్తిగా పోకముందే అత్తగారికి సినిమా చూపించాలన్నదే ఆచార్యులవారి ఏకైక తపన. సరిగ్గా అప్పుడు నేను రంగప్రవేశం చేశాను.

పరీక్షల వేళ. కంప్యూటరులో చోటు లేదు. వెతకగా, ఎవరూ మాట్లాడని నలభై రికార్డింగులు కనబడ్డాయి. ఎంతో శ్రద్ధగా అన్నిటినీ చెరిపేసి, ‘చోటు ఏర్పాటు చేయబడింది’ అని నోటీసు బోర్డులో సగర్వంగా ప్రకటించాను. అవన్నీ ఆ కొట్టు నిమిషాలే.

ఇరవై ఏళ్లుగా ఆ పాఠం పక్కగదిలోంచి వింటూ వచ్చినవాడిని! తిట్టి ఉంటే బాగుండేది. వారు కుర్చీలో కూర్చుండిపోయారు.

"ఖాళీవి అనుకున్నారా?"

"అవును మేడమ్."

"మళ్లీ పట్టుకొద్దామంటే కొట్టు కూడా లేదండీ."

వారి కళ్లు చెమర్చడం నేను చూసింది ఆ ఒక్కసారే. కాసేపటికి వారే లేచి, "షాట్ల చివర్లు చూద్దాం పదండి" అన్నారు. షాటు అయిన వెంటనే కెమెరా ఆపరు వారు. మనసులో పది లెక్కపెడతారు. ఇదేం చాదస్తమని విద్యార్థులు విసుక్కునేవారు, నేనూ వంతపాడేవాడిని. ఆ పది అంకెల వ్యవధిలో, షూటింగు అయిపోయిందనుకున్న పెద్దావిడ మిషను చక్రం మీద చెయ్యి ఆనించి ఊరికే కూర్చునేవారు. అక్కడ రెండు సెకన్లు, ఇక్కడ మూడు సెకన్లు ఏరి, అతుకు తెలియకుండా కుట్టడానికి మా ఇద్దరికీ పదకొండు రోజులు పట్టింది. ఒక నిమిషం తయారైంది.

మా చిన్న హాల్లో ప్రదర్శన. ముందువరసలో పెద్దావిడ. అప్పటికే ఆమెకు వెలుగునీడలు తప్ప ఏమీ ఆనడం లేదట. కోడలు బాధపడుతుందని బయటపెట్టలేదు. తెరమీద మిషను ఆగింది. మేము కుట్టిన నిమిషం మొదలైంది. ఆమె నిటారుగా కూర్చుని, చక్రం కోసం గాలిలోకి చెయ్యి చాపారు.

"అమ్మాయ్, కొట్టు మళ్లీ తెరిచారా?"

హాల్లో గుసగుసలాడినా బయటకు పంపించే ఆచార్యులవారు అందరికీ వినబడేటట్టు జవాబిచ్చారు.

"తెరిచామత్తయ్యా."

నేను ఏడ్చాను. దాచుకోవలసిన పనేముంది!

మొన్న శుక్రవారం వారి గదిలో రికార్డరు పెట్టి, ఒక్క నిమిషం మౌనంగా కూర్చోమని ప్రార్థించాను. ముప్పై ఒక్క ఏళ్లు ఊరందరి నోళ్లూ మూయించిన మనిషి, ముప్పై ఎనిమిదో సెకనుకే "అయిందా అండీ?" అన్నారు. ఆ మాటతో సహా భద్రపరిచాను, మూడు చోట్ల.

ఆచార్యులవారు చల్లని చూపుతో, చక్కని వినికిడితో, కెమెరా మోయగల మోకాళ్లతో నిండు నూరేళ్లూ వర్ధిల్లాలనీ, ఆరవ చిత్రాన్ని అత్తగారిని పక్కన కూర్చోబెట్టుకుని వినిపించాలనీ మనసారా ఆకాంక్షిస్తున్నాను. వచ్చే నెల వారి గది ఖాళీగా ఉందని ఎవరైనా అంటే, ఆ నిమిషం వినిపించే పూచీ నాది.