చూసిన మనిషి

ప్రొఫెసర్ పోస్టు ఇంకొకరికి పోయిన రోజు సాయంత్రం. వంటింటి గుమ్మంలో ఆయన, పొయ్యి దగ్గర భార్య.

"ముందు చెప్పులు విప్పండి."

"నా పుస్తకం అటకెక్కిందట. రాయడం ఎప్పుడో మానేశానట. కమిటీలో అందరి ముందూ అన్నాడు ఆ డీను."

"ఆయనకెవరు చెప్పారట?"

"అదే అడిగాను. పాతికేళ్లుగా నేను చేసే పనేమిటి? ప్రవక్త ఇలా అన్నారని ఎవరో రాసుంటారు. నీకెవరు చెప్పారు, వాళ్లకెవరు చెప్పారు అంటూ పద్నాలుగు వందల ఏళ్లు వెనక్కి పోతాను. ఈ పుకారు వెనక్కి పోలేనా?"

"టీ తాగుతారా?"

"వద్దు. డీనుకి మా గుమాస్తా చెప్పాడు. గుమాస్తాకి నా దగ్గర పీహెచ్‌డీ చేసే అమ్మాయి చెప్పింది. ఆ పిల్లని మెట్ల మీద ఆపి అడిగితే నీళ్లు నమిలింది."

"పిల్లని బెదిరించడమెందుకు?"

"బెదిరించలేదు, అడిగాను. లైబ్రేరియన్ చెప్పాడంది... వింటున్నావా?"

"వింటున్నా. పాలు పొంగుతాయి, కాస్త జరగండి."

"వాడేమో ఇవాళ సెలవు. అక్కడితో దారం తెగింది. అయినా వీళ్లని ఎవరు నమ్ముతారు? విన్నవాళ్లు వందమంది ఉంటే ఏం లాభం? చూసిన మనిషి ఒక్కడు కావాలి. వాడు దొరికితే నోరు మూసుకుంటాను."

"పోయిన నెల ఆయన మనింటికొచ్చారు."

"ఎవరు?"

"లైబ్రేరియన్ గారు. మీరు తెచ్చుకున్న పాత ఖురాన్ ప్రతుల ఫొటోలు పట్టుకెళ్లడానికి. పుస్తకం ఎంతవరకొచ్చిందని అడిగారు."

"నువ్వేమన్నావు?"

"చెప్పులు విప్పండి."

"నువ్వేమన్నావు?"

"ఆగిపోయిందన్నాను. నాతో పెదవి విప్పడం లేదు, మీతోనైనా చెప్తారేమో, ఒకసారి కూర్చుని మాట్లాడండి అని బతిమాలాను. ఇలా టముకు వేస్తారనుకోలేదు."

"ఆగిపోయిందని నీకెవరు చెప్పారు? ఊఁ? ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండీ. రోజూ ఏడింటికి టీ తెచ్చి మీ బల్ల మీద రాసే కాగితం పక్కనే పెడతాను. రెండేళ్లుగా అదే రెండొందల పన్నెండో పేజీ. అదే సగం వాక్యం."