రెండు గుక్కలు

నీళ్ళా? ఇంగేమన్నా అడుగమ్మీ. మామిడికాయలు కావాలంటే చెట్టు అదో, ఎన్నైనా కోసుకో. నీళ్ళు మాత్రం నన్నడగొద్దు.

నవ్వుతాండావు. నాకు తెలుసులే ఎందుకు నవ్వుతాండావో. పొద్దున్నుంచీ ఆ వీరగల్లు రాయి కాడ కూచోని, తడికాగితం అంటించి, మసి అద్ది, ఒక్కొక్క అచ్చరమూ ఏరుకొంటివి. బెంగళూరులో చదువుకొన్నదానివి, పాత కన్నడం నీకొస్తుంది. సరే. ఇప్పుడు పరిగెత్తుకోనొచ్చి ఏమంటివి? ఇంగొక తూరి చెప్పు.

రాతిమీది అన్నదమ్ములు పొడుచుకోలేదా? ఊరి ఆవుల్ని దొంగలు తోలుకోనిపోతాంటే ఇద్దరూ కలిసి అడ్డంపడి చచ్చినారా? ఊరంతా చేరి ఇద్దరికీ ఒకే రాయి నిలబెట్టిందా?

పో పో. తప్పు చదివినావు. నాలుగు వందల ఏండ్లు వానకి తడిసిన రాయి, అచ్చరాలు అరిగిపోయుంటాయి.

మొగాలు కూడా ఎదురెదురుగా లేవా? ఇద్దరూ ఒకే పక్కకి చూస్తాండారా?

అయ్యో దేవుడా. ఈ ఊరికి కోడలై వచ్చి యాభై ఏండ్లు. బంగారు గని కాడ ఆండర్సన్‌పేటలో ఉన్నప్పుడు కూడా ఏటా ఉగాదికి వచ్చి ఆ రాతికి పాలు పోసిందాన్ని. కత్తులే చూసినాను గానీ మొగాలు యాడ చూసినాను?

మా అత్త చెప్పిందే నాకు తెలిసింది. కోట నాదంటే నాదని అన్నదమ్ములు కొట్టుకొన్నారంట. ఊరు నడిమికి చీలిపోయి, ఇంటికొక మొగోడు చచ్చినాడంట. తమ్ముడు కొనఊపిరితో నీళ్ళడిగితే అన్న పొయ్యలేదంట. అప్పుడు ఆ తమ్ముని పెండ్లాం మన్నెత్తి పోసి శాపం పెట్టింది: "నా మొగునికి పొయ్యని నీళ్ళు ఇంగ మావాళ్ళెవరికీ పొయ్యొద్దు, పోస్తే మీ ఇంట్లో బిడ్డ నిలవదు" అని. ఆ అన్న వంశం మేము, పైఇంటోళ్ళం. తమ్ముని వంశం మీరు, కిందింటోళ్ళు.

ఈ కాలంలో ఎవరు పట్టించుకొంటారంటావా? అందరూ ఆ మాటే అంటారు. డైరీ కాడ మీ పాలు, మా పాలు ఒకే క్యానులో కలిసి బెంగళూరికి పోతాయి. మీ నాయన, నా కొడుకు హేమంత్ ఒకే బండిమీద బైరకూరు పోతారు. అంతా బాగానే ఉండాది. కానీ ఎంత ఎండ కొట్టనీ, మీవాళ్ళెవరూ ఈ వాకిట్లో నిలబడి దప్పిక అనరు. మేమూ మీ వాకిట్లో అనం.

ఒక్కడే అన్నాడు.

కూచో. ఆ జగిలి అరుగు మీదే కూచో. నిలబడి వినే మాట కాదిది. మీ తాత చెయ్యి ఆనించుకొన్న తావు అదే.

అవునమ్మీ, మీ తాత ఈశ్వరప్పే. ఆ పొద్దు ఈడికొచ్చినాడు. ఎవరికీ తెలీదు. మీ నాయనకీ తెలీదు, నా కొడుక్కీ తెలీదు.

మూడేండ్ల కింద, ఇట్లాంటి ఎండాకాలమే. మిట్టమధ్యాన్నం. హేమంత్ నా కోడలు సుమని స్కానింగుకని ముళబాగలు పిల్చుకోని పోయినాడు. సుమకి ఏడో నెల. అంతకు ముందు రెండు కాన్పులు చేతికి రాకుండా పోయినాయి, నీకు తెలుసు కదా. ఇంట్లో నేనొకదాన్నే.

చెప్పుల సప్పుడయింది. చూస్తే మీ తాత. గడ్డిమోపు కింద పడేసి, జగిలికి చెయ్యి ఆనించి నిలబడుండాడు. మొగం కందిపోయింది, చెమట మాత్రం ఒక్క చుక్క లేదు. నలభై ఏడేండ్లలో నన్ను ఒక్క మాట పలకరించని మనిషి, పేరు పెట్టి పిలిచినాడు.

"రామక్కా, రెండు గుక్కలు నీళ్ళు పొయ్యి తల్లీ."

నేను గడప దాటలేదు. ఆయనే మళ్ళీ నవ్వబోయినాడు. "మీ ఆయన కదిరప్ప, నేను గనిలో ఒకే క్యాను నీళ్ళు తాగినోళ్ళం. ఎనిమిది వేల అడుగుల లోపల పైఇల్లేది, కిందిల్లేది? పైకొస్తేనే ఈ గోలంతా. ఏమీ కాదు, పొయ్యమ్మా" అన్నాడు.

నేను నమ్మలేదు. ఎట్ల నమ్మేది? ఆండర్సన్‌పేట సంతలో మీ తాత ఎదురొస్తే మా ఆయన మొగం తిప్పుకొనేవాడు. గని మూసేసినాక ఊరికొచ్చి, చచ్చేదాకా ఈ మాట నాకు చెప్పలేదు. పెండ్లానికే చెప్పని మాట నిజమని ఎవరు అనుకొంటారు?

చేతిలో చెంబు ఉండాది. కుండనీళ్ళు, అప్పుడే ముంచినాను. పగోడికైనా దప్పికంటే నీళ్ళియ్యాలంటారు, నాకు తెలీదా? తెలుసు. కానీ సుమ కడుపు కండ్ల ముందర ఆడింది. రెండు పోయినాయి, ఈ మూడోది కూడా నా చేతులారా పోగొట్టుకోవాల్నా అనిపించింది.

లోపలికి పోయి తలుపేసుకొన్నాను. గడియ పెట్టినాను.

ఆ గడియ సప్పుడు మీ తాత విన్నాడమ్మీ. తిట్టలేదు. ఇంగొక తూరి అడగలేదు. కొంచెంసేపు ఊపిరి సప్పుడు వినబడింది. ఆమీట చెప్పులు ఈడ్చుకొంటా పోయినాడు. నేను తలుపుకి వీపానించి, ఆ చెంబెడు నీళ్ళూ నేనే తాగేసినాను. ఎందుకు తాగినానో ఇప్పటికీ నాకు తెలీదు.

సాయంత్రం వీరగల్లు కాడ పడుండాడని అరుపులు. ఎండదెబ్బ అన్నారు. మీ నాయన తలబాదుకోని, "ఎవరైనా రెండు చుక్కలు నోట్లో పోసుంటే బతికేవాడు" అని ఏడ్చినాడు. నేను ఆ గుంపులోనే ఉండాను, కొంగు నోట్లో కుక్కుకోని.

నెల తిరక్కుండా ఆండర్సన్‌పేట పోయి, మా ఆయనతో గనిలో పనిచేసిన చిక్కవెంకటప్పని అడిగినాను. "నిజమే వదినా" అన్నాడు. "లోపల రాయి పేలినప్పుడు మీ ఆయన్ని ఈశ్వరప్పే భుజానేసుకోని తెచ్చినాడు. నోట్లో నీళ్ళు పోసింది కూడా ఆయనే" అన్నాడు. నా తాళి నిలబెట్టిన చెయ్యి అది.

బిడ్డ మాత్రం నిలిచింది. అదో, మామిడిచెట్టు కింద ఎగురుతాండాది. దాన్ని చూసి సంతోషపడాల కదా నేను? ఇంగా మూడేండ్లు నిండలేదు, నీళ్ళు కావాలంటే "అవ్వా, రెండు గుక్కలు" అంటుంది. ఎవరు నేర్పినారు దానికా మాట? నేను నేర్పలేదు, సుమ నేర్పలేదు. అదట్లంటే చెంబు కింద పెట్టేసి వాకిట్లోకి చూస్తాను. వాకిట్లో ఎవరూ లేకపోయినా చెప్పుల సప్పుడు వినబడతానే ఉంటుంది. నాకు భయమమ్మీ. పట్టపగలు భయం.

ఇన్నాళ్ళూ ఒకటే మాట పట్టుకోని బతికినాను. చంపింది నేను కాదు, ఆ పోరు. ఎప్పుడో చచ్చిన అన్నదమ్ములు నా చేత తలుపేయించినారు, పాపం వాళ్ళది అని. ఇప్పుడు నువ్వొచ్చి, పోరే లేదంటివే!

ఉండాదని చెప్పమ్మీ. నీకు పుణ్యముంటుంది. ఇంగొక తూరి చదివి, పొడుచుకొన్నారని చెప్పు. వాళ్ళు పొడుచుకోలేదంటే, నేను ఎవరికోసం తలుపేసుకొన్నట్టు?

తల అడ్డంగా ఆడిస్తాండావా?

సరే. ఇదో నీళ్ళు. అదే చెంబు. శాపమూ లేదు, ఏమీ లేదంటివి కదా. తాగు.

వద్దా.

లేస్తాండావా? నీ కాగితాలు మరిచిపోయినావు, ఎత్తుకో. పొద్దున అవ్వా అవ్వా అని వెనకాలే తిరిగితివి, ఇప్పుడు నా మొగం చూడవు. చూడొద్దులే. మీ నాయనకి చెప్తావు. చెప్పాల్సిందే. ఇన్ని ఏండ్లూ ఉత్తినే చెప్పుకొన్న పోరు. రాతిమీద లేకపోతే పోనీ, ఇంగమీద రెండిళ్ళకీ నిజంగానే ఉంటుంది.

పో. తలకి గుడ్డ కప్పుకోని పో తల్లీ, ఎండ మాడ్చేస్తాండాది.