తొట్టి పుస్తకంలో ఒక దిద్దుబాటు

సభకు అధ్యక్షత వహిస్తున్న యజమానిగారికి, వేదిక మీది పెద్దలకు, ఈ ఉప్పుచేపల పనిలో ముప్పై ఒక్క ఏళ్లుగా నాతో వేగిన మీ అందరికీ నమస్కారం. నా వీడ్కోలు సభ ఐదింటికి అన్నారు, ఐదూ పదమూడుకి మొదలైంది. (నవ్వులు) నవ్వకండి, ఇన్నాళ్లూ తిట్టింది ఇందుకే.

నాకు ‘తేదీల అమ్మమ్మ’ అని పేరు పెట్టారని తెలుసు. నా పని అదే మరి. ఏ తొట్టిలో చేప ఏ రోజు ఉప్పులో పడింది, ఏ రోజు తీయాలి, ఎవరు ఏ రోజు పనికి వచ్చారు, తొట్టి పుస్తకంలో రాయడం. ఇరవై ఒక్క రోజులన్నానంటే, ఇరవయ్యో రోజు లారీ వాకిట్లో నిలబడి హారన్ కొట్టినా మూత తీయనివ్వలేదు. పైకి బిగిసిన చేపను ముల్లు దగ్గర విప్పి చూస్తే ఇంకా ఎర్రగా ఉంటుంది. కుళ్లు మొదలయ్యేది అక్కడే.

ఇరవై రెండేళ్ల కిందట ఈ కొత్త షెడ్డుకు కాంక్రీటు నేల పోసినప్పుడు, మేస్త్రి తడి గోనెలు కప్పి రోజుకు మూడుసార్లు నీళ్లు పట్టాడు. నాలుగో రోజే యజమానిగారు, అప్పుడు కుర్రతనం, దాని మీదికి బండి ఎక్కిద్దామన్నారు.

“రాయిలా ఉంది కదయ్యా!”

“రాయిలా ఉంది గానీ ఇంకా రాయి కాలేదు బాబూ. అంత తొందరైతే బండిని నెత్తిన పెట్టుకుని దాటండి.” (నవ్వులు)

ఆ మాటన్నది మేస్త్రి. నేనూ ఆయన పక్షమే. ఇరవై ఎనిమిది రోజులూ తాళంచెవి నా కొంగునే ఉంది. ఆ నేల మీదే ఇప్పుడు మీరు కూర్చున్నారు. ఎక్కడైనా బీట ఉంటే చూపించండి.

చేపకు ఆగాను, నేలకు ఆగాను. ఇక అసలు సంగతి. మూడో వరుసలో తలుపు పక్కన కూర్చున్నది నా చెల్లెలు. తల దించుకోకే, కాసేపు విను.

అదే ఏడాది చేపలు కోసే కత్తి జారి దాని కుడిచెయ్యి తెగింది. ఆసుపత్రి నర్సమ్మ కుట్లు వేసి, పది రోజులు ఉప్పునీళ్లు తగలకూడదంది. ఐదో రోజు నేనే ఇంటికి వెళ్లి కట్టు విప్పి చూశాను.

“పైకి మూసుకుపోయిందిగా! అక్కడ మనుషులు చాలడం లేదు, రా.”

“లోపల సలుపుతోందక్కా.”

“నీకు చిన్నప్పటినుంచీ సుకుమారం ఎక్కువ.”

అవి నా మాటలే, ఒక్క అక్షరం మార్చలేదు. అది వచ్చింది. మూడు వారాలు తిరక్కుండా రెండు వేళ్లు తీసేశారు. తర్వాత కూతురికి జడ వేయడం దానికి చేతకాలేదు. తొమ్మిదేళ్లు పొద్దున్నే వెళ్లి నేను వేశాను. అది దువ్వెన అందించేది. ఇద్దరం ఆ సంగతి ఎత్తలేదు. జడ వేస్తున్నాను కదా, సరిపోయిందనుకున్నాను. సరిపోలేదు.

ఆ రోజు పుస్తకంలో ఇలా రాశాను: “గాయం నయమైంది. తనంతట తానే పనికి వచ్చింది.” ఈ ముప్పై ఒక్క ఏళ్లలో నేను రాసిన అబద్ధం అదొక్కటే.

మన పుస్తకంలో తప్పు రాస్తే చెరపకూడదు. ఎర్రసిరాతో కొట్టేసి, కింద నిజం రాసి, రాసినవారూ సంబంధించినవారూ సంతకాలు పెట్టాలి. ఇవాళ పొద్దున్న కొట్టేశాను. “గాయం మానలేదు. పది రోజులకు ఐదే ఇచ్చాను. నొప్పి అంటున్నా రమ్మన్నాను” అని రాసి సంతకం పెట్టాను.

“ఇప్పుడెందుకక్కా, నలుగురిలో!” అంటోంది. వినపడిందిలే. అబద్ధం రాసింది నలుగురూ చూసే పుస్తకంలోనే కదే.

పూలిచ్చినవారికి, ఓపిక పట్టినవారికి కృతజ్ఞతలు. నా తర్వాత పుస్తకం చూసే అమ్మాయికి ఒక్క మాట. ఆ దిద్దుబాటు కింద ఖాళీ ఉంటుంది. అది ఎన్నాళ్లున్నా నువ్వు నింపొద్దు, కొట్టేయొద్దు.

చెల్లీ, ఆ ఖాళీ నీ సంతకానికి. పెడతావో పెట్టవో నీ ఇష్టం. లోపల ఇంకా సలుపుతుంటే నా కోసమని పెట్టకు. ఈసారి తేదీ నేను వేయను.

సెలవు.